గ్రేహౌండ్స్ పంపకంలో రాయని గడువు

రాజ్యాంగం ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలోని అంశం. కాబట్టి ఒక రాష్ట్రం రెండయితే పోలీసులూ రెండవ్వాల్సిందే. సిబ్బందిని పంచవచ్చు, జీపులను లెక్కపెట్టి పంచవచ్చు. మరి పాతికేళ్లుగా ఒకేచోట వేళ్లూనుకున్న శిక్షణ కేంద్రాన్ని ఎలా పంచాలి? 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో 9వ సెక్షన్ ఎదుర్కొన్న చిక్కు ఇదే.

ఆ కేంద్రం హైదరాబాద్‌లోని గ్రేహౌండ్స్‌ది. నక్సలైట్లను అడవిలోనే ఎదుర్కోవడానికి 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ ఈ దళానికి ప్రాణం పోశారు. అది మందుపాతరల కాలం. మట్టిరోడ్డు మీద పోలీసు వాహనం కనబడితే చాలు, పేల్చేసేవారు. అందుకే ఇక్కడ నేర్పే మొదటి పాఠం బండి దిగి నడవడం. బియ్యం, నీళ్లు, తుపాకీ వీపున మోసుకుంటూ, బాట వదిలి, చీకట్లో, చిన్న జట్లుగా నడవాలి. జిల్లాల నుంచి డెప్యుటేషన్‌పై వచ్చిన కుర్ర కానిస్టేబుళ్లకు ఈ నడక ఒంటబట్టాలంటే అడవిని ఎరిగిన శిక్షకులు కావాలి. వ్యాస్ మాత్రం 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో నక్సలైట్ల కాల్పులకు బలయ్యారు.

కాలినడక వదిలితే ఏమవుతుందో 2008 జూన్ 29న బలిమెల చూపించింది. ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో కూంబింగ్ ముగించుకుని లాంచీలో తిరిగి వస్తున్న దళంపై జలాశయం పక్క కొండల మీది నుంచి మావోయిస్టులు కాల్పులు జరిపారు. లాంచీ మునిగిపోయింది. 38 మంది చనిపోయారు. నీళ్ల మధ్య దాక్కోవడానికి చెట్టు లేదు, పుట్ట లేదు.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. సిబ్బంది విషయంలో అది సూటిగానే ఉంది: గ్రేహౌండ్స్ వారినీ, ఉగ్రవాద నిరోధక దళమైన ఆక్టోపస్ వారినీ ఎటు వెళ్తారో అడిగి పంచాలి, ఆపైన ఎవరి డీజీపీ కింద వాళ్లు పనిచేయాలి. సామాన్ల పద్దు 48వ సెక్షన్‌లో ఉంది. ఫలానా సంస్థ వాడకానికి కేటాయించిన సరుకు ఆ సంస్థ ఉన్న రాష్ట్రానికే చెందుతుంది. సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాల సామాన్లనైతే జనాభా నిష్పత్తిలో, అంటే 58.32:41.68 చొప్పున పంచుకోవాలి. ఏ సంస్థ పేరిట ఉంది, ఎక్కడ ఉంది అన్నదాన్ని బట్టే ఒక్కో వస్తువు దారి తేలుతుంది.

ఇక 9వ సెక్షన్ ప్రకారం శిక్షణ కేంద్రాన్ని మూడేళ్లపాటు కేంద్ర ప్రభుత్వం నడపాలి, రెండు రాష్ట్రాల వారూ అక్కడే శిక్షణ పొందాలి, ఆ తర్వాత అది తెలంగాణ సొంతం. అందుకు బదులుగా ఆంధ్రప్రదేశ్ కోరిన చోట అలాంటిదే మరొకటి కట్టుకోవడానికి కేంద్ర ప్రభుత్వం సాయం చేయాలి. చదవడానికి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఉమ్మడి వాడకానికి మూడేళ్లని గడువు రాసిన చట్టం, కొత్త కేంద్రం ఎప్పటికి పూర్తవాలో రాయలేదు. పాత ఇల్లు ఖాళీ చేయాల్సిన తేదీ ఉంది గానీ కొత్తింటి గృహప్రవేశానికి ముహూర్తం లేదు.

విశాఖపట్నం జిల్లాలో కొత్త కేంద్రానికి కేంద్ర హోంశాఖ సుమారు 219 కోట్ల రూపాయల అంచనాను ఆమోదించింది. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు అడవులు అక్కడికి దగ్గర కాబట్టి ఎంపిక సబబైనదే. అయితే ఫైరింగ్ రేంజ్‌కే విశాలమైన స్థలం కావాలి, గుళ్లు ఊళ్ల వైపు పోకుండా వెనక మట్టికట్టో కొండో ఉండాలి. స్థలం, నిధులు, నిర్మాణం ఒకదాని వెనక ఒకటిగా సాగాల్సిన పనులు. ఉమ్మడి వాడకం గడువు 2017 జూన్‌లో ముగిసే నాటికి విశాఖ కేంద్రం సిద్ధం కాలేదు.

ఈ లోటును ఆ మూడేళ్లలోనే పూడ్చి ఉండవలసింది. పాత కేంద్రం అప్పగింతను కొత్త కేంద్రం పూర్తికావడంతో ముడిపెడుతూ ఒక్క వాక్యం రాసి ఉంటే కేంద్ర ప్రభుత్వం మీదా, రెండు రాష్ట్రాల మీదా ఒత్తిడి ఉండేది. ప్రాణాలకు తెగించి అడవిలోకి వెళ్లే కానిస్టేబుల్ పేరు ఏ రాష్ట్రం జాబితాలో ఉండాలో తేల్చిన చట్టం, అతనికి ఎక్కడ తర్ఫీదు ఇవ్వాలన్న సంగతిని తేదీ లేని హామీకి వదిలేసింది.