వెనక బంపర్ కింద ఆ రెక్కలు: డిఫ్యూజర్ నిజంగా కారుని రోడ్డుకి అతికిస్తుందా?

పోయిన నెల ఒక శుక్రవారం రాత్రి నా బీటెక్ రూమ్మేట్ వాట్సాప్‌లో ఒక లింక్ పంపాడు. వాడి హ్యాచ్‌బ్యాక్‌కి సరిపోయే నల్ల ప్లాస్టిక్ రియర్ డిఫ్యూజర్. రేటు 6,500 రూపాయలు. నాలుగు షార్క్ రెక్కలు, మధ్యలో ఫార్ములా వన్ కార్లకి ఉండే టైపు ఎర్ర ఎల్‌ఈడీ. కింద వాడి మెసేజ్: "మావా, ఇది పెడితే 120 దాటాక వెనక తేలినట్టు ఉండేది పోతుందంట. ఆర్డర్ పెట్టేయనా?"

లుక్స్ కోసం అడిగి ఉంటే "నీ ఇష్టం రా" అని వదిలేసేవాణ్ని. కానీ ఆ తేలడం ఏంటో నాకు తెలుసు. అంతకు రెండు వారాల ముందు విజయవాడ హైవే మీద వాడి పక్క సీట్లో ఉన్నది నేనే. ముందున్న లారీ ఉన్నట్టుండి లేన్ మారింది, వీడు స్టీరింగ్ తిప్పాడు, కారు వెనక భాగం ఒక్క క్షణం మాతో రావడం మానేసింది. ఏమీ కాలేదు. కానీ సూర్యాపేట వచ్చేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఆ ప్రాబ్లమ్‌కి 6,500 రూపాయల ప్లాస్టిక్‌లో సొల్యూషన్ ఉందని వాడు నమ్ముతున్నాడు. పెట్టాక ఇంకో 20 ఎక్కువ తొక్కుతాడు. నా భయం అది.

అందుకే రెండు వీకెండ్లు దీని మీద కూర్చున్నా.

గార్డెన్ పైపు మూతికి వేలు అడ్డం పెట్టండి. దారి ఇరుకైతే నీళ్లు స్పీడ్‌గా దూసుకొస్తాయి. కారు కింద గాలిదీ అదే కథ. రోడ్డుకీ కారు ఫ్లోర్‌కీ మధ్య సందు ఇరుకు కాబట్టి అక్కడ గాలి వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన చోట ప్రెషర్ తగ్గుతుంది. పైన ప్రెషర్ ఎక్కువ, కింద తక్కువ. దాంతో కారు రోడ్డు వైపు నొక్కుకుంటుంది. ఇదే డౌన్‌ఫోర్స్.

మరి డిఫ్యూజర్ ఏం చేస్తుంది? ఆ స్పీడ్ గాలి కారు వెనక నుంచి బయటికొచ్చి మామూలు గాలిలో కలవాలి. దారి ఒక్కసారిగా తెరుచుకుంటే గాలి చెదిరిపోయి సుడులు తిరుగుతుంది. డిఫ్యూజర్ దారిని మెల్లగా వెడల్పు చేస్తుంది, గాలి నిదానిస్తూ బయటి ప్రెషర్‌కి చేరుకుంటుంది. ఇక్కడే చాలామంది పొరబడే పాయింట్ ఒకటుంది. చివర ప్రెషర్ ఎలాగూ బయటి గాలితో సమానం కావాల్సిందే కాబట్టి, డిఫ్యూజర్ మొదలయ్యే చోట ప్రెషర్ ఇంకా కిందికి పడుతుంది. అంటే అసలు లాగుడు మనకి వెనక నుంచి కనిపించే రెక్కల దగ్గర కాదు, వాటికి ముందు, లోపల ఫ్లోర్ దగ్గర. ఆ నిలువు రెక్కల పని చక్రాల నుంచి వచ్చే గజిబిజి గాలిని పక్కన పెట్టి, లోపలి గాలిని దారిలో ఉంచడం. వాలు కూడా ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు. సుమారు 7 నుంచి 15 డిగ్రీల దాకా ఓకే. మరీ నిటారుగా లేపితే గాలి పైగోడని వదిలేస్తుంది, అక్కడితో డౌన్‌ఫోర్స్ కూడా ఔట్.

ఇది ఉత్తి థియరీ కాదు. 1978లో మారియో ఆండ్రెట్టిని ఫార్ములా వన్ ఛాంపియన్ చేసిన లోటస్ 79 మొత్తం ఈ ఐడియా మీదే నడిచింది. కారు అడుగుభాగాన్నే తిరగేసిన రెక్కలా మలిచారు, పక్కల నుంచి గాలి దూరకుండా స్కర్టులు కట్టారు. అదే ఏడాది గోర్డన్ ముర్రే బ్రాభమ్ బీటీ46బీకి వెనక ఏకంగా ఫ్యానే పెట్టేశాడు. నికీ లాడా దాంతో స్వీడన్‌లో గెలిచాడు, ఆ ఒక్క రేసుతో దాని కథ ముగిసింది. మూలల్లో స్పీడ్లు మరీ పెరిగిపోతున్నాయని 1983 నుంచి ఫ్లోర్ ఫ్లాట్‌గా ఉండాల్సిందే అన్నారు. దాంతో ఇంజనీర్ల తెలివంతా వెనక్కి, డిఫ్యూజర్‌లోకి వచ్చి చేరింది. 2009లో బ్రాన్ జీపీ డబుల్ డిఫ్యూజర్‌తో వచ్చింది. మొదటి ఏడు రేసుల్లో ఆరు జెన్సన్ బటన్ గెలిచేశాడు, చివరికి టైటిల్ కూడా. 2011కి దాన్ని బ్యాన్ చేశారు. పని చేయని పార్ట్‌ని ఎవరూ బ్యాన్ చేయరు కదా.

సరే, పని చేస్తుంది. ఏ స్పీడ్‌లో, ఎంత? ఇక్కడ నాలోని కోడర్ నిద్రలేచాడు.

డౌన్‌ఫోర్స్ స్పీడ్ స్క్వేర్‌తో పెరుగుతుంది. స్పీడ్ సగమైతే డౌన్‌ఫోర్స్ పావు వంతే మిగులుతుంది. 992 జనరేషన్ పోర్షే 911 జీటీ3 ఆర్‌ఎస్ తీసుకోండి. కంపెనీ చెప్పే లెక్క 200 కి.మీ. దగ్గర 409 కేజీలు, 285 దగ్గర 860 కేజీలు. స్క్వేర్ లెక్కన 285కి 830 రావాలి. దాదాపు సరిపోయింది కాబట్టి రూల్‌ని కిందికి కూడా లాగి చూశా. 120 దగ్గర సుమారు 147 కేజీలు, 60 దగ్గర 37. భారీ వెనక రెక్క, ఫ్రంట్ వింగ్, ఫ్లోర్, డిఫ్యూజర్ అన్నీ కలిపిన లెక్క ఇది. అంత కారు కూడా సిటీ స్పీడ్‌లో సంపాదించేది పెద్ద బియ్యం బస్తా, చిన్న బస్తా కలిపినంత బరువు.

ఇప్పుడు ఇంకొంచెం మామూలు స్పోర్ట్స్ కారు అనుకుందాం. బరువు 1,400 కేజీలు, ఫ్లాట్ ఫ్లోర్, మంచి డిఫ్యూజర్. ఆ రెండిటి వల్ల 200 దగ్గర 100 కేజీలు అదనంగా నొక్కుతుందని పెట్టుకుందాం. నేను పెట్టుకున్న నంబరే, ఏ బ్రోషర్‌దీ కాదు. 200 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు, టైర్ గ్రిప్ కోఎఫిషియెంట్ 1. పైథాన్‌లో పది లైన్లు రాస్తే వచ్చిన జవాబు: డౌన్‌ఫోర్స్ లేకుండా ఆ మలుపులో గరిష్ఠంగా గంటకి 159.5 కి.మీ., దాంతో అయితే 163. తేడా మూడున్నర కి.మీ. చూసి మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ట్రాక్ మీద ప్రతి ఫాస్ట్ మలుపులో మూడున్నర కి.మీ. అంటే స్టాప్‌వాచ్‌కి అది చాలా పెద్ద విషయం. రోడ్డు మీద? అదే కారుకి 120 దగ్గర వచ్చేది 36 కేజీలు. వెనక సీట్లో స్కూల్ పిల్లాడు కూర్చున్నంత.

ఇక్కడితో "రోడ్డు మీద ఏరో అంతా వేస్ట్" అని తేల్చేయొచ్చు. కానీ అది కూడా తప్పే. చాలా రోడ్డు కార్లు స్పీడ్‌లో డౌన్‌ఫోర్స్ బదులు లిఫ్ట్ పుట్టిస్తాయి, అంటే పైకి లేస్తాయి. మొదటి తరం ఆడి టీటీ గుర్తుందా? గుండ్రటి అందమైన వీపు. స్పీడ్‌లో ఆ వీపు మీదుగా వెళ్లే గాలి వెనక చక్రాల మీద బరువు తగ్గించేది. జర్మనీలో హైస్పీడ్ ప్రమాదాలు జరిగాయి, ప్రాణాలు పోయాయి. తర్వాత కంపెనీ కార్లని వెనక్కి పిలిచి వెనక చిన్న స్పాయిలర్ పెట్టింది, సస్పెన్షన్ మార్చింది, ఈఎస్‌పీ ఇచ్చింది. అక్కడ మందు డిఫ్యూజర్ కాదు, స్పాయిలర్. కానీ జబ్బు ఒకటే. స్పీడ్‌లో లేన్ మారుతూ యాక్సిలరేటర్ వదిలితే బరువు ముందుకెళ్తుంది, వెనక తేలిక అవుతుంది. లిఫ్ట్ దానికి తోడైతే వెనక టైర్లు ముందు వదిలేస్తాయి. కాబట్టి వెనక లిఫ్ట్‌ని తగ్గించే డిఫ్యూజర్ రోడ్డు మీద ఇచ్చేది కార్నరింగ్ స్పీడ్ కాదు, నిలకడ.

ఇంకో మెలిక. వెనక మాత్రమే నొక్కుడు పెరిగి ముందు పెరగకపోతే, స్పీడ్‌లో స్టీరింగ్ తిప్పినా ముక్కు తిరగదు. అందుకే అసలు స్పోర్ట్స్ కార్లలో ముందు స్ప్లిటర్, మధ్యలో ఫ్లోర్, వెనక డిఫ్యూజర్ ఒకే ప్యాకేజీగా డిజైన్ చేస్తారు. ఎత్తు కూడా ముఖ్యమే. ఫ్లోర్ రోడ్డుకి దగ్గరయ్యేకొద్దీ లాగుడు పెరుగుతుంది, మరీ దగ్గరైతే గాలి ఊపిరాడక ఆగిపోతుంది, కారు లేస్తుంది, మళ్లీ లాగబడుతుంది. 2022లో ఫార్ములా వన్ కార్లు స్ట్రెయిట్‌ల మీద కప్పల్లా గెంతింది ఇందుకే.

ఇక మావాడి హ్యాచ్‌బ్యాక్. శనివారం వాళ్ల అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఫోన్ టార్చ్ వేసి కిందికి దూరాం. సైలెన్సర్, పైపులు, ఫ్యూయల్ ట్యాంక్, స్టెప్నీ గుంత, వెనక యాక్సిల్ బీమ్. గాలి ఇవన్నీ గుద్దుకుంటూ వచ్చేసరికి దానికి స్పీడూ లేదు, దారీ లేదు. పైగా స్పీడ్ బ్రేకర్ల కోసం జానెడు ఎత్తు. అలాంటి గాలికి చివర్లో డిఫ్యూజర్ పెట్టడం, ఖాళీ పైపుకి షవర్ హెడ్ బిగించడం లాంటిది. ఆ 6,500 రూపాయల ముక్కైతే లోపలికి కూడా వెళ్లదు, బంపర్ అంచుకి డబుల్ టేప్, స్క్రూలతో అతుక్కుంటుంది అంతే. ఫోన్లలో వెనక కెమెరాల లెక్క పెంచడానికి పెట్టే 2 మెగాపిక్సెల్ మాక్రో లెన్స్ గుర్తొచ్చింది నాకు.

మీ కళ్ల ముందున్న కారుది అసలుదో నకిలీదో తెలుసుకోవాలంటే వంగి చూడండి. నల్ల ముక్క వెనక చక్రాల మధ్య దాకా లోపలికి వాలుతూ వెళ్లి నున్నటి ఫ్లోర్‌తో కలిసిందా? అయితే పని చేసే ఛాన్స్ ఉంది. వేలు పెడితే వెనక సైలెన్సర్ తగులుతోందా? అది మేకప్. పెద్ద కంపెనీలు అమ్మే "స్పోర్ట్" ట్రిమ్‌లలో కూడా ఇలాంటివి చాలానే ఉంటాయి.

కింద దూరినప్పుడే టార్చ్ వెలుతురు వెనక టైర్ మీద పడింది. ట్రెడ్ అరిగి గాడుల మధ్య ఉండే ఇండికేటర్ దిమ్మలతో సమానం అయిపోయింది. అంటే లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చేసినట్టే. పక్కన ఉండే నాలుగంకెల తేదీ కోడ్ చూస్తే ఆరేళ్ల పాతవి. గేజ్ పెడితే రెండు వెనక టైర్లలో గాలి రెండు రకాలుగా ఉంది. మావాడు కాసేపు టైర్ వైపు చూసి, "అంటే ఆ రోజు..." అని ఆగిపోయాడు.

సోమవారం నాలుగు కొత్త టైర్లు, అలైన్‌మెంట్ చేయించాడు. బిల్లు డిఫ్యూజర్ కంటే చాలా ఎక్కువే అయింది, రెండ్రోజులు నన్ను తిట్టాడు. పోయిన ఆదివారం అదే హైవే మీద వెళ్లొచ్చాం. ఈసారి 100 దాటలేదు. డిఫ్యూజర్ ఇంకా కార్ట్‌లోనే ఉందట, ఆ ఎర్ర లైట్ కోసం.