కాలువ మీద బస

పిల్లలూ! లండన్ నగరంలో లిటిల్ వెనిస్ అనే చోటు ఉన్నది. అక్కడ కాలువ గట్టు వెంట పడవలు బారులు తీరి కనబడతాయి. అవి మనం బొమ్మలలో చూచే మామూలు పడవల వలె ఉండవు. రైలు పెట్టెల వలె పొడవుగా, సన్నగా ఉంటాయి. కిటికీలకు తెరలు ఉంటాయి. పైకప్పు మీద పూల కుండీలు, కట్టెల మోపు, ఒక్కొక్కప్పుడు సైకిలు కూడ ఉంటాయి. చలికాలంలో పొగ గొట్టం నుండి సన్నగా పొగ వస్తూ ఉంటుంది. అంటే లోపల ఎవరో కాపురం ఉంటున్నారన్నమాట!

ఇటువంటి పడవలలో కొన్నిటిని యజమానులు అతిథులకు అద్దెకు ఇస్తారు. ఒక రాత్రికో, రెండు మూడు రాత్రులకో ఇస్తారు. పడవ ఎక్కడికీ కదలదు. గట్టుకు కట్టివేసి ఉంటుంది. అతిథులు అందులో వండుకొని, తిని, నీటి మీద నిద్రపోయి, మరునాడు వెళ్ళిపోతారు. వినటానికి ఎంతో సరదాగా ఉన్నది కదా! అయితే పడవను అతిథి గృహంగా మార్చటం గది తాళం తీసి ఇచ్చినంత సులభం కాదు. ఎందువలన కాదో ఈ పాఠంలో తెలుసుకొందాము.

ముందుగా ఈ పడవ ఇంత సన్నగా ఎందుకు ఉన్నదో చూద్దాము. 1761లో మాంచెస్టరు దగ్గర బ్రిడ్జ్‌వాటర్ కాలువ మీద బొగ్గు రవాణా మొదలైనది. ఆ కాలువ పనిలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు పేరు పొందాడు. తరువాత దేశమంతటా కాలువలు తవ్వారు. నేల ఎత్తుపల్లాలుగా ఉన్నచోట పడవను పైకి ఎక్కించటానికి, కిందికి దింపటానికి కాలువలో తలుపులు గల తొట్టి వంటి కట్టడం ఉంటుంది. దానిని ఇంగ్లీషులో లాక్ అంటారు. గోదావరి డెల్టాలో మన వారు దానినే లాకు అంటారు. 1852లో పూర్తి అయిన ధవళేశ్వరం ఆనకట్ట నుండి బయలుదేరిన కాలువలు పొలాలకు నీరు ఇవ్వటమే కాక పడవలను కూడ మోశాయి. మీ తాతయ్యగాని, అమ్మమ్మగాని ఆ ప్రాంతం వారైతే లాకుల కబుర్లు అడిగి చూడండి.

మధ్య ఇంగ్లండులోని చాల లాకుల వెడల్పు సుమారు 7 అడుగులు మాత్రమే. అందులో పట్టాలంటే పడవ వెడల్పు 7 అడుగులకు కొంచెం తక్కువగా ఉండాలి. పొడవు మాత్రం 70 అడుగుల వరకు ఉండవచ్చును. అందువలన దీనికి నారో బోట్, అంటే సన్న పడవ అనే పేరు వచ్చింది. పూర్వం ఒక గుర్రం గట్టు మీద నడుస్తూ మోకుతో ఈ పడవను లాగేది. పడవలో దాదాపు 25 టన్నుల సరుకు పట్టేది.

తరువాత రైళ్ళు వచ్చాయి. సరుకు రైళ్ళకు పోయింది. పడవవారి సంపాదన తగ్గింది. ఒడ్డున ఇంటి అద్దె కట్టలేక, కూలివారిని పెట్టుకోలేక ఎందరో పడవవారు భార్యాబిడ్డలను పడవలోకే తెచ్చుకొన్నారు. పడవంతా సరుకే. వెనుక భాగాన ఉన్న చిన్న గది ఒక్కటే వారి ఇల్లు. దాని పొడవు సుమారు 10 అడుగులు. అందులోనే పొయ్యి, అందులోనే మంచం. అలమర తలుపును కిందికి వాల్చితే అదే భోజనపు బల్ల. రాత్రి మరొక తలుపు వాల్చితే అదే పడక. పిల్లలు గుర్రాన్ని నడిపించేవారు, లాకుల తలుపులు తోసేవారు. బడికి వెళ్ళటానికి వీలు ఉండేది కాదు. ఈ రోజు ఇక్కడ, రేపు మరొక ఊరిలో! ఏ బడిలో చేరగలరు?

ఆ పిల్లల దుస్థితి చూచి కోల్‌విల్ ఊరికి చెందిన జార్జి స్మిత్ అనే ఆయన గట్టిగా ప్రచారం చేశాడు. దాని ఫలితంగా 1877లో కాలువ పడవల చట్టం వచ్చింది. మనుషులు నివసించే ప్రతి పడవను నమోదు చేయించాలని, ఒక గదిలో ఎందరు ఉండవచ్చునో నిర్ణయించాలని ఆ చట్టం చెప్పింది. 1884లో దానిని సవరించి తనిఖీని, పిల్లల చదువును మరింత గట్టి చేశారు. చూచారా? పడవలో పడుకొనే మనిషికి రక్షణ కావాలన్న ఆలోచన ఈనాటిది కాదు. ఇరుకు గదులలో పెరిగిన పిల్లల కష్టం నుండి అది పుట్టింది.

1948లో కాలువలలో చాల భాగం ప్రభుత్వపరం అయినవి. 1962-63 చలికాలంలో కాలువలు వారాల తరబడి గడ్డకట్టాయి. ఆ దెబ్బతో సరుకు పడవల వ్యాపారం దాదాపు ముగిసింది. కాని పడవలు పోలేదు. సరుకు ఉండే చోట గదులు కట్టారు. కొందరు విహారానికి, కొందరు నివాసానికి వాటిని వాడుకొన్నారు. పెద్ద నగరాలలో ఇండ్ల అద్దెలు పెరిగిన కొద్దీ పడవలలో కాపురం ఉండేవారూ పెరిగారు. ఇంగ్లండు, వేల్సులలోని సుమారు 2,000 మైళ్ళ కాలువలను, నదులను 2012 నుండి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే సంస్థ చూస్తున్నది.

ఇక అతిథులకు అద్దెకు ఇవ్వటం సంగతి. ఒక యజమానికి మంచి పడవ ఉన్నదనుకొందాము. పడవకు ఖర్చులు చాల ఉంటాయి. లైసెన్సు రుసుము, రేవు అద్దె, బీమా, గ్యాసు, బొగ్గు అన్నీ కొనాలి. రెండు మూడు సంవత్సరాలకు ఒకసారి పడవను నీటిలో నుండి పైకి తీసి, తుప్పు పట్టకుండ అడుగు భాగానికి నల్లని పూత వేయించాలి. అద్దె వస్తే ఈ ఖర్చులకు ఆసరా అవుతుంది. అయితే అతను మూడు సంగతులు చూచుకోవాలి.

మొదటిది, చోటు. సొంత రేవు లేని పడవలు కూడ ఉన్నాయి. అవి ఒకే చోట 14 రోజులకు మించి ఆగకూడదని 1995 నాటి చట్టం చెపుతున్నది. అటువంటి పడవను కదలని అతిథి గృహంగా నడపటానికి వీలు లేదు. కాలువ గట్టు ఊరి చెరువు మెట్ల వంటిది. అందరూ వాడుకోవాలి. ఒకరు అక్కడే పాతుకొనిపోయి వ్యాపారం చేస్తే దారిన వచ్చే పడవకు ఆగటానికి చోటు ఉండదు. కనుక అద్దెకు ఇచ్చే పడవకు అందుకు తగిన సొంత రేవు ఉండాలి. ఆ రేవు యజమాని ఒప్పుకోవాలి. కొన్నిచోట్ల పురపాలక సంఘం వారి అనుమతి కూడ కావాలి.

రెండవది, అనుమతి పత్రాలు. సొంతానికి వాడుకొనే పడవ లైసెన్సు అద్దెకు ఇవ్వటానికి పనికిరాదు. వ్యాపారపు లైసెన్సు వేరు. బీమా కూడ అద్దెకు ఇచ్చే పడవకు తగినదే కావాలి. ఈ సంగతి దాచిపెట్టి అతిథులను ఉంచితే, ప్రమాదం జరిగిననాడు బీమా డబ్బు రాకపోవచ్చును. అప్పుడు నష్టపోయేది యజమాని ఒక్కడే కాదు. దెబ్బ తిన్న అతిథి కూడ.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ప్రాణరక్షణ. దీనిని కొంచెం వివరంగా తెలుసుకొందాము.

పడవ ఒక గిన్నె వంటిది. గిన్నెలో పోసిన నీరు బయటికి పోదు కదా? వంట గ్యాసు గాలికంటె బరువైనది. ఇంటిలో అది కారితే తలుపు కింద నుండి కొంతైనా బయటికి పోవచ్చును. పడవలో అది అడుగుకు దిగి అక్కడే నిలిచిపోతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, పెద్ద ప్రమాదం జరుగుతుంది. అందువలన గ్యాసు సిలిండరును గదిలో ఉంచరు. వేరే అరలో ఉంచి, కారిన గ్యాసు పడవ వెలుపలికి పోయేటట్లు ఆ అర అడుగున రంధ్రం పెడతారు. అద్దెకు ఇచ్చే పడవలో గ్యాసు పొయ్యిలను, గొట్టాలను అర్హత గల పనివానితో ప్రతి సంవత్సరం పరీక్ష చేయించాలి.

మరొక శత్రువు ఉన్నది. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. బొగ్గు, కట్టెలు, గ్యాసు, డీజిలు సరిగా మండకపోతే ఈ విషవాయువు పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. చిన్న గదిలో ఇది త్వరగా నిండుతుంది. నిద్రలో ఉన్నవారు మేలుకోకుండానే చనిపోవచ్చును. 2013లో విండర్‌మియర్ సరస్సు మీద ఒక పడవలో జనరేటరు పొగ గదిలోకి చేరి ఇద్దరు మరణించారు. 2019 ఏప్రిల్ నుండి, బోట్ సేఫ్టీ స్కీమ్ తనిఖీకి వచ్చే పడవలలో నివాసపు గది ఉంటే ఈ వాయువును కనిపెట్టి మోగే అలారం తప్పనిసరి అయినది. చలి వేస్తున్నదని గాలి వచ్చే రంధ్రాలను గుడ్డతో మూయరాదు. అవి గది ఊపిరి గొట్టాలు.

ఇప్పుడు మీరు, మీ అమ్మానాన్నలు, అమ్మమ్మ కలిసి ఇటువంటి పడవలో ఒక రాత్రి బస చేయటానికి వెళ్ళారనుకోండి. మంచి యజమాని తాళం చేతికి ఇచ్చి వెళ్ళిపోడు. ముందుగా అమ్మమ్మకు చెయ్యి అందించి పడవలోకి దింపుతాడు. తడిసిన అంచు జారుతుందని మీకు చెపుతాడు. అలారం నొక్కి మోగించి చూపుతాడు. గ్యాసు ఎక్కడ కట్టివేయాలో, నిప్పును ఆర్పే సాధనం ఎక్కడ ఉన్నదో చూపుతాడు. పడవకు ముందు ఒక తలుపు, వెనుక ఒక తలుపు ఉంటాయి. రెండు దారులకూ ఏదీ అడ్డం పెట్టవద్దని చెపుతాడు. రాత్రి గట్టు మీద చీకటిగా ఉంటుంది కనుక చేతి దీపం ఇస్తాడు.

నీళ్ళు కూడ ఇంటిలో వలె ఎంతైనా రావు. తొట్టిలో నింపినవే ఉంటాయి. స్నానానికి కొళాయి తిప్పి అలాగే వదిలివేస్తే, ఉదయం కాఫీకి నీళ్ళు ఉండవు! మరుగుదొడ్డి మురికిని కాలువలోకి వదలకూడదు. దానికి వేరే తొట్టి ఉంటుంది. నిండిన తరువాత దానికని ఏర్పాటు చేసిన చోటనే ఖాళీ చేయాలి.

పక్క పడవలలో ఇరుగుపొరుగు వారు ఉంటారు. మీకు అది సెలవు రోజు కావచ్చును. వారికి మరునాడు పని ఉండవచ్చును. పడవ గోడలు పలుచన, నీటి మీద మాట దూరం పోతుంది. రాత్రి 8 గంటల నుండి ఉదయం 8 గంటల వరకు ఇతర పడవల దగ్గర ఇంజను నడపరాదు. అతిథులు ఒక రాత్రి ఉండి పోతారు, పొరుగువారు రోజూ అక్కడే ఉంటారు. ఈ సంగతి యజమానీ, అతిథీ ఇద్దరూ గుర్తు పెట్టుకోవాలి.

పిల్లలూ! పడవలో కాపురం ఉండేవానికి దాని సంగతులన్నీ తెలుసు. ఏ మోకు వదులైనదో, ఏ పొయ్యి పొగ కక్కుతున్నదో అతను చప్పుడునుబట్టి, వాసననుబట్టి పసిగడతాడు. అతిథికి అవేమీ తెలియవు. యజమానిని నమ్మి కన్ను మూస్తాడు. ఆ నమ్మకానికి యజమాని చెల్లించవలసిన బదులే ఈ లైసెన్సులు, తనిఖీలు, అలారములు. 1877 నాటి పడవ పిల్లలకు దొరకటానికి ఎంతో కాలం పట్టిన రక్షణ అది. మీరు ఎప్పుడైనా నీటి మీద బస చేస్తే, దిండు మీద తల పెట్టే ముందు అలారం ఎక్కడ ఉన్నదో ఒకసారి చూడండి. తరువాత హాయిగా నిద్రపొండి. పక్కనుండి మరొక పడవ పోతే మీ పడవ మెల్లగా ఊగుతుంది. భయపడకండి. అది నీటి ఉయ్యాల.

ప్రశ్నలు

1. నారో బోట్‌కు ఆ పేరు ఎందుకు వచ్చింది?
2. పడవవారు తమ కుటుంబాలను పడవలోకి ఎందుకు తెచ్చుకొన్నారు?
3. పడవను గిన్నెతో ఎందుకు పోల్చారు?
4. సొంత రేవు లేని పడవను అతిథి గృహంగా ఎందుకు నడపకూడదు? ఈ నియమం న్యాయమని మీరు అనుకొంటున్నారా? కారణం చెప్పండి.
5. మీ ఇంటికి మొదటిసారి వచ్చిన చుట్టానికి మీరు ముందుగా చూపించవలసిన నాలుగు సంగతులు రాయండి.
6. ఈ మాటలను సొంత వాక్యాలలో వాడండి: బస, రేవు, మోకు, లాకు, ఆసరా.