వేషం కడితే పరువు పోతుందా?

పోయిన నెలలో ఓ సాయంత్రం. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. డిగ్రీ చదివే మా అమ్మాయి ఓ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. కాలేజీ వార్షికోత్సవంలో ‘మా భూమి’ నాటకంలోంచి కొన్ని రంగాలు వేస్తున్నారట. తనకి రైతు ఇల్లాలి వేషం. తల్లో తండ్రో సంతకం పెట్టాలి.

నేను నోరు తెరిచేలోపే మా అత్తమ్మ అందుకుంది. “ఆడపిల్ల స్టేజి ఎక్కుడేంది? రేపు సంబంధాలొస్తయా?”

మా పిల్ల ఊరుకునే రకం కాదు. దానికి కొరియా సీరియళ్ల పిచ్చి. అక్కడి సంగతులన్నీ చెప్పుకొచ్చింది. 1980 మేలో గ్వాంగ్జు అనే ఊళ్లో జనం సైనిక పాలన మీద తిరగబడ్డారట. ఎంతోమంది ప్రాణాలు పోయాయి. ఆ పోరులో చనిపోయిన ఓ యువకుడికీ, అంతకు ముందే కన్నుమూసిన అతని సహచరి ఒకామెకీ 1982లో ఆత్మల పెళ్లి జరిపించారు. వాళ్ల కోసం మిత్రులు పాటల నాటకం కట్టి, ఓ ఇంట్లో రహస్యంగా రికార్డు చేశారు. క్యాసెట్లు చేతులు మారుతూ దేశమంతా తిరిగాయి. 2020లో ‘గ్వాంగ్జు’ పేరుతోనే పెద్ద సంగీత నాటకం వేశారు. “వాళ్ల గోడు వాళ్లు పాడుకుంటే గొప్ప, మన గోడు మనం ఆడితే తప్పా అమ్మా?” అంది. నా దగ్గర జవాబు లేదు.

నిజమే కదా! ‘మా భూమి’ ఏమన్నా ఎక్కడిదో కథా? విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన భూమి కోసం కోర్టులో గెలిచిన షేక్ బందగీని 1940లో చంపేశారు. ఆ ఘటన ప్రేరణగా సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన నాటకం ఇది. ప్రజానాట్యమండలి దళాలు ఆంధ్ర జిల్లాల్లో ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం నిషేధించేదాకా ఆగలేదు. ఇక్కడ నిజాం రాజ్యంలో పద్యం రాసినా జైలే. మన నిజామాబాద్ ఖిల్లా జైల్లోనే కదా దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాసింది!

ఆ రోజుల్లో ఆడవేషాలు చాలా వరకు మగవాళ్లే కట్టేవారు. ప్రజానాట్యమండలిలో గృహిణులే ముందుకొచ్చారు. మోటూరి ఉదయం ఆడవాళ్ల బుర్రకథ దళం నడిపారు. చిన్నతనంలోనే వితంతువైన కొండపల్లి కోటేశ్వరమ్మ పాటలు పాడారు, నాటకాలు ఆడారు. నూరేళ్లు బతికి 2018లో కన్నుమూసిన ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ చదివితే, ఆ ఒక్క అడుగు వెనక ఎంత కన్నీరుందో తెలుస్తుంది.

ఇవన్నీ చెబితే అత్తమ్మ, “వాళ్లు ఆంధ్రోళ్లు. మన దిక్కు ఎవరున్నరు?” అంది.

“చిందుల ఎల్లమ్మ లేదా నానమ్మా?” అంది మనవరాలు.

అత్తమ్మ మొహం విప్పారింది. బోధన్ పక్క అమ్దాపూర్ ఎల్లమ్మ ఆట ఆమె కళ్లారా చూసింది. షక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ జోరుగా నడిచే కాలం అది. చెరుకు బండ్లు బారులు తీరేవి. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది గానీ, ఆ ఆట మాత్రం అత్తమ్మ కళ్లల్లో అట్లాగే ఉంది. “ఎల్లమ్మ మగ వేషం కడితే మగోళ్లే నోరెళ్లబెట్టేది. తెల్లారేదాంక ఎవ్వరం కదల్లే.”

“మరి ఆమె ఆడది కాదా?”

“వాళ్ల సంగతి వేరు... మన సంగతి వేరు.”

అని తనే ఆగిపోయింది. ఆ మాటలోనే ఉంది అసలు సంగతి. చిందు వాళ్ల ఆట తెల్లారేదాకా చూస్తాం, చప్పట్లు కొడతాం. తెల్లారాక వాళ్లను ఊరి చివరే ఉంచుతాం. ఆ ఆటే మన పిల్ల ఆడతానంటే పరువు గుర్తొస్తుంది. ఆ పరువు పేరుతో ఒకరిని ఊరి బయట నిలబెట్టాం, ఇంకొకరిని గడప లోపల ఆపేశాం.

నా సంగతీ చెప్పాలి. డిగ్రీలో నాకూ ఓ నాటకంలో వేషం వచ్చింది. సంభాషణలన్నీ కంఠతా పట్టాను. నాన్న వద్దన్నారు, మానేశాను. ఇప్పటికీ గిన్నెలు తోముతుంటే ఒకటో రెండో మాటలు నాలుక మీదికొస్తాయి. కథలు రాస్తున్నది కూడా ఆ మిగిలిపోయిన మాటల కోసమేనేమో!

పప్పు దించి, చేతులు తుడుచుకుని సంతకం పెట్టాను. ఆయన్ని అడగలేదు. రాత్రి చెబితే, “పెట్టేశాక ఇంకేం అడుగుతావ్?” అని నవ్వి ఊరుకున్నారు.

అత్తమ్మ మాత్రం రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోనాడు పెట్టె తీసి, పాత ముతక చీర ఒకటి మనవరాలి ఒళ్లో పడేసింది. “రైతు పెండ్లాం పాలిస్టర్ చీర కడ్తదా? ఇది కట్టు. గోసి నేను పెడ్త రా” అంది.

మీ ఇంట్లోనూ ఏ కాగితమైనా సంతకం కోసం ఎదురుచూస్తోందా? ఒక్కసారి చూడండి.