డబ్బా కొనేముందు చెనిక్కాయల లెక్క చూడండి

జిమ్‌లో చేరిన వారానికే ‘ఏ పౌడర్ వాడాలి బ్రో?’ అని అడుగుతున్నారా? ముందు మీ కంచం లెక్క చూసుకోండి.

ఐసీఎంఆర్ ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. 60 కిలోలుంటే 50 గ్రాములన్నమాట. కొండాపురం నల్లరేగడిలో పండే శనగలు 50 గ్రాములు నానబెట్టి తింటే సుమారు 10 గ్రాములొస్తుంది. అన్నే చెనిక్కాయ గింజలకు 12, రెండు గుడ్లకు 12. మిగతాది పప్పు, పెరుగు, సంగటి చూసుకుంటాయి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో ప్రొటీన్ సప్లిమెంట్లకు దూరంగా ఉండమనే చెప్పింది.

గట్టిగా బరువులెత్తేవాళ్లకు ఇంకొంచెం ఎక్కువే కావాలి. అప్పుడు పౌడర్ కొన్నా, డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు, స్కూపుకు ప్రొటీన్ ఎంత, చక్కెర ఎంత అన్నది చదవండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు!