ఫిల్టర్ లెన్స్ మీద పాడవదు, జేబులో పాడవుతుంది

మార్కాపురం అనగానే అందరికీ పలకలు గుర్తొస్తాయి. ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లు, ప్రీ వెడ్డింగ్ షూట్లు చేసుకునే నాకు మాత్రం ముందు పలకదుమ్మే గుర్తొస్తుంది. ఆ తర్వాత మే నెల ఎండ, ఆపైన నల్లమల వానలు. ఈ మూడింటి మధ్య కెమెరాకి బ్యాగు ఉంటుంది, లెన్స్‌కి క్యాపు ఉంటుంది. ఎటూ కాకుండా పోయేది ఫిల్టరే. ‘ఒక్క నిమిషమే కదా’ అని తీసి చొక్కా జేబులో వేస్తాం. ఆ ఒక్క నిమిషంలోనే దాని పని అయిపోతుంది.

ఎడిటింగ్‌లో చేసుకోవచ్చుగా?

ఫోన్‌లో బోలెడు యాప్‌లు ఉండగా ఈ గాజుబిళ్ల దేనికని కుర్రాళ్లు అడుగుతుంటారు. మార్కాపురం నుంచి గిద్దలూరు వెళ్లే దారిలో కంభం చెరువు దగ్గర ఒకసారి ఆగి చూడండి. విజయనగర రాజుల కాలం నాటి చెరువు అది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల కమిషన్ దానికి వారసత్వ కట్టడంగా గుర్తింపు ఇచ్చింది. పొద్దెక్కాక ఆ నీటి మీద తెల్లటి మెరుపు పరుచుకుంటుంది. పోలరైజర్ తిప్పితే మెరుపు తగ్గి నీటి రంగు, ఒడ్డున రాళ్లు తేటగా కనిపిస్తాయి. మెరుపు కింద ఉన్నది అసలు ఫొటోలో పడకపోతే ఏ యాప్ దాన్ని తిరిగి తేలేదు. మహా అయితే ఊహించి గీస్తుంది.

ఎన్‌డీ ఫిల్టర్‌దీ అంతే. భైరవకోన జలపాతం పట్టుదారంలా రావాలంటే షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. పట్టపగలు ఎన్‌డీ లేకుండా అలా చేస్తే ఫొటో మొత్తం తెల్లబోతుంది.

పలకదుమ్ముతో జాగ్రత్త

పలకరాయిలో క్వార్ట్జ్ ఉంటుంది. గట్టిదనం కొలిచే మోస్ స్కేల్ మీద క్వార్ట్జ్‌ది 7, మామూలు గాజుది 5.5 దగ్గర. అంటే దుమ్ము పడ్డ ఫిల్టర్‌ని చొక్కా అంచుతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. పైనున్న కోటింగ్ ఇంకా పలచన.

అందుకే ఒక వరస పెట్టుకోండి. ముందు గాలి బుడ్డితో ఊదాలి. తర్వాత మెత్తటి బ్రష్. అప్పటికీ మరక ఉంటేనే మైక్రోఫైబర్ గుడ్డ. లెన్స్ ద్రవం వాడితే గుడ్డ మీదే ఒక చుక్క వేయండి, నేరుగా గాజు మీద కాదు. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి.

చాలామంది మర్చిపోయే సంగతి ఇంకొకటుంది. ఫిల్టర్‌ని దాచే పౌచ్‌లోనే దుమ్ము చేరుతుంది. పెట్టిన ప్రతిసారీ, తీసిన ప్రతిసారీ ఆ దుమ్మే గాజుని గీస్తుంది. నెలకోసారి పౌచ్‌ని తిరగేసి దులపండి. గుడ్డ పౌచ్ అయితే ఉతికి, పూర్తిగా ఆరాకే వాడండి.

డ్యాష్‌బోర్డు మీద పొయ్యి

నాతో షూట్లకి వచ్చే తమ్ముడొకడు మొదటి సీజన్ డబ్బులతో సెకండ్ హ్యాండ్‌లో 77 మిల్లీమీటర్ల పోలరైజర్ కొన్నాడు. మే నెలలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు అది కారు డ్యాష్‌బోర్డు మీద ఉండిపోయింది. సాయంత్రానికి అంచు దగ్గర పొర లేచి, లోపల బుడగలా కనిపించింది. మర్నాడు పొద్దున్నే చెరువు దగ్గర షూట్. ఆ జంటకి ముందే చూపించిన శాంపిల్ ఫొటోలన్నీ పోలరైజర్‌తో తీసినవే. వాడు మొహం చిన్నబుచ్చుకుని ‘అన్నా, నీది ఇస్తావా’ అని అడిగాడు. ఇచ్చాను కాబట్టి ఆ రోజు గడిచింది. కానీ సీజన్ సంపాదనలో పెద్ద ముక్క ఒక్క మధ్యాహ్నంలో పోయింది.

పోలరైజర్ అంటే వట్టి గాజు కాదు. రెండు గాజుల మధ్య పలచటి ఫిల్మ్ ఉంటుంది. తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా వేడెక్కగలదు. ఆ వేడికి ఫిల్మ్, జిగురు రెండూ దెబ్బతినొచ్చు. కారులోనే పెట్టక తప్పకపోతే సీటు కింద నీడలో, బ్యాగు మధ్యలో ఉంచండి. బైక్ ట్యాంక్ మీది బ్యాగులో, ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో అసలొద్దు.

వానాకాలం పెట్టె

దిగువమెట్ట దాటి నల్లమల ఘాట్‌లో వానల్లో తిరిగొస్తే బ్యాగంతా చెమ్మే. తడి పౌచ్‌లో ఫిల్టర్‌ని అలాగే మూసి పెడితే గాజు మీద బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. ఇంటికి రాగానే అన్నీ బయటపెట్టి ఆరనివ్వండి. తర్వాత గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచండి. రంగు మారే రకం గుళికలైతే ఎప్పుడు మార్చాలో వాటంతట అవే చెబుతాయి. కొందరు బియ్యం పోస్తారు. వద్దు, బియ్యంలో పొడి ఉంటుంది.

ఏసీ గదిలోంచి బయటికి వచ్చినప్పుడు బ్యాగు జిప్ వెంటనే తీయకండి. అరగంట ఆగితే గాజు మీద నీటి ఆవిరి పట్టదు.

మోసుకెళ్లే పద్ధతి

ముందు డబ్బా తెరవండి, తర్వాతే ఫిల్టర్ విప్పండి. ఈ వరస తప్పితేనే జేబు గుర్తొస్తుంది. ఎప్పుడూ అంచు పట్టుకోండి, గాజు మీద వేలు పడనివ్వకండి. ప్రతి డబ్బా మీద సైజు, రకం రాసిన స్టిక్కర్ అంటించండి: ‘77, పోలరైజర్’, ‘77, ఎన్‌డీ 64’ ఇలా. ముహూర్తం దగ్గరపడ్డప్పుడు వెతుక్కునే పని ఉండదు.

చోటు తక్కువైతే ఒకే సైజు ఫిల్టర్లని ఒకదానికొకటి బిగించి, రెండు చివర్లా లోహపు మూతలు పెట్టొచ్చు. కానీ బాగా పలచటి ఫిల్టర్లలో కొన్నింటికి ముందు వైపు మరలు ఉండవు. అవి విడి డబ్బాలోనే.

ఆర్టీసీ బస్సులో అయితే బ్యాగు ఒళ్లో ఉండాలి. పై అరలో ట్రైపాడ్ పక్కన పెడితే గుంతల రోడ్డు మీద ఏది దేనికి తగులుతుందో చెప్పలేం.

ఫిల్టర్ బిగుసుకుపోతే వేళ్లతో గట్టిగా నొక్కకండి. రింగు వంకరై ఇంకా బిగుస్తుంది. అంచు చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి, మెల్లగా తిప్పండి.

ఫోన్‌కి తగిలించే క్లిప్ ఫిల్టర్లకీ, డ్రోన్ ఎన్‌డీలకీ ఇవే జాగ్రత్తలు. అవి ఇంకా చిన్నవి, తాళంచెవుల పక్కన జేబులో పడితే గీతలు ఖాయం. అందుకే ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ బ్యాగులో ఉన్న ఫిల్టర్లన్నీ తీసి ట్యూబ్‌లైట్ కింద వంచి చూడండి. గీత పడ్డదాన్ని పక్కన పెట్టండి, పడనిదానికి ఇవాళే ఒక డబ్బా కొనండి. డబ్బా ఖర్చు ఫిల్టర్ ఖరీదులో వీసమెత్తు కూడా కాదు.