సిమెంటు గోడ, దూది పరుపు, హై-ఫై సంగీతము

పాడినవారి గొంతు పాడినట్లే ఇంటిలో వినబడవలెనను కోరిక గ్రామఫోను నాటినుండియు ఉన్నది. హై-ఫై అను వ్యాసంగమునకు ఆ కోరికయే మూలము. ఇందులో ఆసక్తి గలవారు ఆంప్లిఫయర్లను, లౌడ్‌స్పీకర్లను, వానిని కలుపు తీగెలను ఏరికోరి కొందురు. ఖరీదైన తీగె వేసినచో పాట తేటపడునని కొందరు, అది భ్రమయని కొందరు వాదింతురు. ఈ వాదమును పరిశీలించుటకు ఉన్నత పాఠశాలలో నేర్చు భౌతికశాస్త్రము చాలవరకు సరిపోవును.

మొదట తీగె సంగతి. స్పీకరు 5 మీటర్ల దూరమున ఉన్నచో, విద్యుత్తు పోయి వచ్చుటకు 10 మీటర్ల తీగె కావలెను. ఇండ్లలో వాడు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగెకు అంత పొడవున నిరోధము సుమారు 0.07 ఓము. స్పీకరు నిరోధము 8 ఓములనుకొన్నచో తీగె వంతు నూటికి ఒకటైనను కాదు. దానివలన కలుగు తగ్గుదల ఒక డెసిబెల్‌లో పదవవంతునకు లోపే. సాధారణముగా చెవి గుర్తింపగల మార్పు సుమారు 1 డెసిబెల్. తీగె మరీ సన్నమై, పొడవైనపుడు మాత్రమే భేదము తెలియవచ్చును.

మరి ఒకే పరికరము ఒక ఇంట తేటగాను, మరొక ఇంట గందరగోళముగాను మ్రోగుటకు కారణమేమి? అది తరచుగా గదియే. గోడలకు తగిలి మరల మరల వచ్చు ధ్వనిని ప్రతినాదము అందురు. ధ్వని ఆగిన పిమ్మట దాని శక్తి పదిలక్షలవ వంతునకు తగ్గుటకు పట్టు కాలమే ప్రతినాద కాలము. 1895 ప్రాంతమున అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో సాబిన్ అను శాస్త్రజ్ఞుడు, మాటలు స్పష్టముగా వినరాని ఒక ఉపన్యాసశాలలోనికి మెత్తలు మోయించి, ఈ కాలము ఎట్లు తగ్గునో కొలిచెను. గది ఘనపరిమాణమును 0.161చే గుణించి, మొత్తము శోషణచే భాగించిన ఆ కాలము సెకండ్లలో వచ్చును.

ఈ లెక్కను మన ప్రాంతపు ఇంటికి అన్వయింతము. జగ్గయ్యపేట, నందిగామలు 2022 వరకు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతములోనివి. నేడు ఎన్‌టీఆర్ జిల్లాలో ఉన్నవి. జగ్గయ్యపేట పరిసరములలో సున్నపురాయి, సిమెంటు కర్మాగారములు కలవు. నందిగామ చేలలో ప్రత్తి పండును. ఈ రెండు వస్తువులలో మొదటిది ప్రతినాదమును పెంచును, రెండవది తగ్గించును.

5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గది ఘనపరిమాణము 60 ఘనపు మీటర్లు. లోపలి తలముల వైశాల్యము 94 చదరపు మీటర్లు. సిమెంటు పూత తనపై పడిన ధ్వనిలో నూటికి 3 వంతులు పీల్చుకొనుననుకొన్నచో మొత్తము శోషణ 2.8, ప్రతినాద కాలము 3.4 సెకండ్లు. ఒక పదము అణగకముందే తరువాతి పదములు వచ్చి దానిపై పడును. 10 చదరపు మీటర్ల మేర దూది పరుపులు నిలిపి, అవి సగము ధ్వనిని పీల్చుకొనుననుకొన్నచో శోషణ 7.5 అగును, కాలము 1.3 సెకండ్లకు దిగును. దూది తారస్థాయి స్వరములను ఎక్కువగాను, మంద్రస్వరములను తక్కువగాను పీల్చును గనుక ఇది స్థూలమైన లెక్క మాత్రమే.

అయినను "నాకు భేదము వినబడుచున్నది" అనువారిని అబద్ధికులనరాదు. ఖరీదు తెలిసినపుడు మనస్సు చెవిని నడిపించును. అందుచే ఏది మ్రోగుచున్నదో తెలియకుండ పరీక్షింపవలెను. మెయర్, మొరాన్ అనువారు 2007లో ప్రచురించిన పరీక్షలో, సి.డి.ని మించిన నాణ్యత గల రికార్డింగులను నేరుగా ఒకమారు, సి.డి. ప్రమాణమునకు కుదించి ఒకమారు వినిపించిరి. 554 ప్రయత్నములలో 276 మాత్రమే సరియైనవి. నాణెము ఎగురవేసినను దాదాపు ఇంతే వచ్చును. 2016లో రైస్ పలు పరీక్షలను కలిపి లెక్కింపగా నూటికి సుమారు 52 సరియైనవి. భేదమున్నను అది మిక్కిలి స్వల్పము.

ఈ పరీక్షను పాఠశాలలోను చేయవచ్చును. రెండు తీగెలను తెరచాటున ఉంచి, ధ్వని తీవ్రతను సమానము చేసి, నాణెము చెప్పినట్లు మార్చుచు 16 మారులు వినిపింపవలెను. కేవలము ఊహతో 12 లేక అంతకు మించి సరిగా చెప్పు అవకాశము నూటికి 4 కంటె తక్కువ. ఈ పరీక్షలో నెగ్గిన తీగెకు డబ్బు పెట్టవచ్చును. నెగ్గనిచో, ఆ డబ్బుతో ముందుగా గదికి రెండు పరుపులు కొనుట మేలు.