మోకాలిలో ఊడివచ్చే ఎముక ముక్క

ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు గాని, కండరాన్ని ఎముకకు బిగించే టెండాన్ గాని హఠాత్తుగా సాగినప్పుడు, అది తెగకుండా తాను అతుక్కున్న చోటి ఎముక ముక్కను పెళ్లగించుకు రావడాన్ని అవల్షన్ ఫ్రాక్చర్ అంటారు. ఎదిగే పిల్లలలో ఎముక చివర పూర్తిగా గట్టిపడదు గనుక, సైకిలు మీదనుంచి పడినప్పుడు మోకాలిలోని ముందు క్రూసియేట్ లిగమెంటు టిబియా, అంటే కాలి ఎముక, పైకొనను ఊడదీస్తుంది. ద్విచక్ర వాహన ప్రమాదాలలో మాత్రం, వంగిన మోకాలి కింద ముందునుంచి దెబ్బ తగిలి టిబియా వెనక్కి జరగడంతో, వెనుక క్రూసియేట్ లిగమెంటు ముక్కతో సహా ఊడివస్తుంది.

గంటల వ్యవధిలోనే కీలులో రక్తం చేరి మోకాలు ఉబ్బుతుంది, కాలు చాపడం కష్టమవుతుంది. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో ముక్క సాధారణంగా కనిపిస్తుంది, లిగమెంటు, మెనిస్కస్ అనే మృదులాస్థి స్థితి ఎమ్మారైలో తెలుస్తుంది.

టిబియా పైకొన విరుపును మేయర్స్, మెకీవర్ అనే వైద్యులు 1959లో మూడు రకాలుగా విభజించారు. కదలని ముక్కకు కొన్ని వారాల కట్టు చాలు. ముందువైపు మాత్రమే లేచినదాన్ని కాలు చాపి సరిచేసి చూస్తారు. పూర్తిగా విడిపోయినదాని కింద మెనిస్కస్ అంచు ఇరుక్కునే అవకాశం ఉంది గనుక, సన్నని కెమెరాతో చేసే ఆర్థ్రోస్కోపీ ద్వారా స్క్రూతోనో దారంతోనో బిగిస్తారు. ఆపై ఫిజియోథెరపీని నిర్లక్ష్యం చేస్తే కీలు బిగుసుకుపోతుంది. దెబ్బతిని ఉబ్బిన మోకాలికి ఎక్స్‌రే తీయించకముందే మర్దన చేయించవద్దు.